ఎదురు నిలిచి తోడైన ‘విత్’

‘బ్రిటన్ ఫాట్ విత్ ఫ్రాన్స్’ అని ఇంగ్లీషులో ఓ వాక్యం కనిపించిందనుకోండి. 1815 నాటి వాటర్‌లూ సంగతైతే ఫ్రాన్స్ శత్రువు. 1914 నాటి ప్రపంచ యుద్ధమైతే ఫ్రాన్స్ మిత్రపక్షం. మాటలు అవే, అర్థం తలకిందులు. ఏ ఏటి యుద్ధమో తెలిస్తే తప్ప ‘విత్’ ఎవరి పక్షమో తేలదు. దీన్ని ఇంగ్లీషు భాషలోని తిక్కల్లో ఒకటిగా చూసి నవ్వుకుంటాం గానీ, ఈ మాటకు పుట్టుకతో వచ్చిన అర్థం వైరమే. స్నేహం తర్వాత అబ్బింది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దీన్ని ‘విథ్’ అనేవారు. ఎదురుగా, వ్యతిరేకంగా, వైపుగా అని దాని అర్థాలు. 871లో ఇంగ్లండులోని వెసెక్స్ రాజ్యపు సేనలు వైకింగులైన డేనుల దండును ఎదుర్కొన్న వరస యుద్ధాల్ని ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ చెబుతుంది. అక్కడ పోరాడడమనే క్రియ పక్కన ఉండేది ఈ ‘విథ్’. దీని జర్మన్ తోబుట్టువు ‘వీడర్’కు ఇప్పటికీ ‘వ్యతిరేకంగా’ అనే అర్థం. ఇంకా వెనక్కి వెళితే ఇండో-యూరోపియన్ భాషల ఉమ్మడి మూలం ‘వి’ దగ్గర ఆగుతాం. విడిగా, వేరుగా అని దాని భావం. సంస్కృతంలోని ‘వి’ ఉపసర్గ కూడా అక్కడిదే అంటారు భాషాచరిత్రకారులు. ఆ లెక్కన సంస్కృతం నుంచి మనకొచ్చిన వియోగం, విభాగం అన్న మాటల్లోని మొదటి అక్షరానికీ, ఇంగ్లీషువాళ్లు ‘కలిసి’ అనడానికి వాడే మాటకూ చుట్టరికం!

ఈ పాత అర్థం మనుషుల యుద్ధాలకే పరిమితం కాలేదు. బ్రిటిష్ లైబ్రరీలో ‘బాల్డ్స్ లీచ్‌బుక్’ అని పదో శతాబ్దపు వైద్యగ్రంథం ఒకటి ఉంది. అందులో రోగం పేరుకు ముందు ‘విథ్’ వస్తుంది. మనం తలనొప్పికి మందు అంటాం, వాళ్లు తలనొప్పి మీద మందు ప్రయోగించేవారు. అందులోని కంటికురుపు లేపనానికి వెల్లుల్లి, వైన్, ఎద్దు పైత్యరసం వంటివి కలిపి ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచాలి. 2015లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని అలాగే తయారుచేసి చూస్తే, చాలా మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో చంపింది. ఆ యోగంలో కురుపు పేరుకు ముందున్నదీ ‘విథే’.

మరి అప్పట్లో ‘కలిసి’ అనడానికి ఏమనేవారు? ‘మిడ్’ అనేవారు. జర్మన్ ‘మిట్’, స్వీడిష్ ‘మెడ్’ దాని దాయాదులు, నిక్షేపంలా ఉన్నాయి. ఇంగ్లీషు ‘మిడ్’ మాత్రం పద్నాలుగో శతాబ్దం ముగిసేసరికి దాదాపు కనుమరుగై, దాని పనంతా ‘విత్’ పాలైంది. మంత్రసానిని మిడ్‌వైఫ్ అంటారే, అందులో మిగిలి ఉంది. ‘వైఫ్’ అంటే అప్పట్లో పెళ్లాం అనే కాదు, ఆడమనిషి అని కూడా. ప్రసవించే స్త్రీకి తోడుండేది మిడ్‌వైఫ్.

వైరి మాట మిత్రుడి చోటు ఎలా ఆక్రమించింది? వైకింగులు ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడ్డారు. వాళ్ల నార్స్ భాషలోనూ ఇదే మాటకు తోబుట్టువు ఉంది, దానికి రెండర్థాలూ ఉన్నాయి. ఆ సావాసం కొంత పనిచేసింది. లాటిన్ ప్రభావమూ ఉండొచ్చంటారు. నాకు మాత్రం అసలు కారణం పోట్లాటలోనే కనిపిస్తుంది. పోట్లాటకు ఇద్దరుండాలి. వాదనకూ, బేరానికీ, ఒప్పందానికీ అంతే. ఎదుటివాడు లేనిదే సాగని పనుల్లో వాడు విరోధీ అవుతాడు, భాగస్వామీ అవుతాడు.

తెలుగు ఇదే దారిలో ఎదురు దిక్కు నుంచి వచ్చింది. ‘చేతన్ చేన్ తోడన్ తోన్’ అని బడిలో వల్లించిన తృతీయా విభక్తిలో ‘తోడన్’ అంటే తోడే, తోడబుట్టినవాడిలోని తోడే. అది అరిగి ‘తో’ అయింది. రాముడు సుగ్రీవుడితో స్నేహం చేశాడు, రావణుడితో యుద్ధం చేశాడు. తోడు అన్న మాట రావణుడి దాకా వెళ్లినా మనకు ఎబ్బెట్టుగా లేదు. ఇంగ్లీషు వైరంతో మొదలై తోడు దాకా వస్తే, తెలుగు తోడుతో మొదలై వైరం దాకా వెళ్లింది. రెండూ ఇప్పుడు ఒకే చోట నిలబడి ఉన్నాయి, అయోమయంతో సహా. అందుకే అవసరమైనప్పుడు మనం ‘కలిసి’ అని చేరుస్తాం, వాళ్లు ‘అలాంగ్‌సైడ్’ అంటారు.

పాత విరోధం కొన్ని సమాసాల్లో గడ్డకట్టి ఉంది. విత్‌స్టాండ్ అంటే ఎదురొడ్డి నిలవడం. విత్‌హోల్డ్ అంటే ఇవ్వకుండా పట్టి ఉంచడం. బ్యాంకులో డబ్బు విత్‌డ్రా చేస్తామే, అందులో ‘విత్’ అంటే వెనక్కి. ‘వితౌట్’ కథ వేరు. దాని మొదటి అర్థం ‘బయట’. లండన్‌లో సెయింట్ బోటాల్ఫ్ వితౌట్ బిషప్స్‌గేట్ అనే చర్చి ఉంది. కవి కీట్స్‌కు 1795లో బాప్టిజం ఇచ్చింది అక్కడే. బిషప్స్‌గేట్ లేని చర్చి అని అర్థం చేసుకుంటే పొరపాటు. నగర ప్రాకారపు ఆ ద్వారానికి బయట ఉన్న చర్చి అది. ఫారింగ్‌డన్ వితిన్, ఫారింగ్‌డన్ వితౌట్ అన్న లండన్ పేటల్లో ఒకటి గోడకు లోపలిది, ఒకటి వెలుపలిది.

షేక్‌స్పియర్ కాలానికి ‘విత్’ కర్తను కూడా మోసేది. ‘ద వింటర్స్ టేల్’ నాటకంలో ఎలుగుబంటి చేతిలో ఒకడు చచ్చిన కబురు చెప్పే చోట ఈనాటి ‘బై’కి బదులు ‘విత్’ ఉంటుంది. తర్వాత ఆ పని ‘బై’ పూర్తిగా లాక్కుంది.

అమెరికాలో మిన్నెసోటా చుట్టుపక్కల ‘డు యూ వాంట్ టు కమ్ విత్?’ అని అడిగి ఊరుకుంటారు. ఎవరితో అన్నది చెప్పరు. వ్యాకరణ పండితులకు ఇది ఒంటికాలి వాక్యం. అక్కడ స్థిరపడ్డ జర్మన్, స్కాండినేవియన్ కుటుంబాల వాడుక ఇందుకు కారణమంటారు. జర్మన్‌లో ‘మిట్‌కొమ్మెన్’ అంటే వెంట రావడం. ఇంగ్లీషు పోగొట్టుకున్న ‘మిడ్’కు దాయాది అయిన ఆ ‘మిట్’, ‘విత్’ చేత తన పద్ధతిలో మాట్లాడిస్తోందన్నమాట.