కెమెరాకు వీపు పెట్టిన రాయబారి

ఫిబ్రవరి 19 ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనర్‌గా పనిచేసిన జాన్ ఫ్రీమన్ జయంతి. 1915లో లండన్‌లో పుట్టిన ఆయన నూరేళ్లు నిండడానికి రెండు నెలల ముందు, 2014 డిసెంబరు 20న కన్నుమూశారు.

ఆంగ్లేయులు మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది 1611లో. నాలుగేళ్లకు సర్ థామస్ రో రాయబారిగా జహంగీరు కొలువుకు బయలుదేరి వచ్చాడు. ఆ తర్వాత మూడు శతాబ్దాల పైచిలుకు లండన్ నుంచి దిగినవారు ఎక్కువగా వర్తకులు, సైనికులు, పాలకులు. సరిసమానుల మధ్య దౌత్యం 1947 తర్వాతి మాటే. ఆ తర్వాత వచ్చిన బ్రిటిష్ రాయబారుల వరుసలో నాకు అందరికంటే ఇష్టులు ఫ్రీమన్.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి 1945లో వాట్‌ఫర్డ్ నుంచి లేబర్ ఎంపీగా గెలిచారు. రాజు ప్రసంగంపై తీర్మానాన్ని సైనిక దుస్తుల్లోనే ప్రవేశపెట్టారు. 1951లో ఉచిత వైద్యంలో కళ్లద్దాలకూ కట్టుడు పళ్లకూ డబ్బులు వసూలు చేయాలని ప్రభుత్వం తలపెడితే, అనూరిన్ బెవన్, హెరాల్డ్ విల్సన్‌లతో పాటు సహాయ మంత్రి పదవి వదులుకున్నారు. 1955 తర్వాత పార్లమెంటు ముఖమే చూడలేదు.

ఆయన అసలు ప్రతిభ బయటపడింది 1959లో, బీబీసీ టీవీ కార్యక్రమం ‘ఫేస్ టు ఫేస్’తో. మూడేళ్లలో 35 సంభాషణలు. కెమెరా అంతా అతిథి ముఖం మీదే. ఫ్రీమన్ కనిపిస్తే వీపు, తల వెనక భాగం, కాస్త సిగరెట్ పొగ, అంతే. గొంతు పెంచరు, పొగడరు. చిన్న ప్రశ్న వేసి ఆగుతారు. ఎనభై నాలుగేళ్ల మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్‌ను దేవుణ్ణి నమ్ముతారా అని అడిగితే, నమ్మనక్కర్లేదు, నాకు తెలుసు అన్నారాయన. 1961లో మార్టిన్ లూథర్ కింగ్ అదే కుర్చీలో కూర్చున్నారు. మరువలేనిది మాత్రం 1960 నాటి గిల్బర్ట్ హార్డింగ్ సంభాషణ. చిరాకుకూ కోపానికీ పేరుమోసిన టీవీ ప్రముఖుడాయన. ఎవరి మరణాన్నయినా దగ్గరుండి చూశారా అని ఫ్రీమన్ అడిగారు. తల్లి పోయినప్పుడు పక్కనే ఉన్న హార్డింగ్‌కు గొంతు పూడుకుపోయింది, కళ్లు చెమర్చాయి. దేశమంతా చూసింది. అదే ఏడాది నవంబరులో హార్డింగ్ మరణించారు. ఆ ప్రశ్న కఠినమే. అయినా అందులో వినోదం కోసం గుచ్చే గుణం లేదని నా గట్టి నమ్మకం.

ఆ ఓర్పే ఢిల్లీలో అక్కరకొచ్చింది. విల్సన్ ప్రధాని అయ్యాక, 1965లో ఫ్రీమన్‌ను హైకమిషనర్‌గా పంపారు. ఆ సెప్టెంబరులో పాకిస్థాన్‌తో యుద్ధం. మన సేన పంజాబు సరిహద్దు దాటినందుకు విల్సన్ మనల్ని తప్పుపట్టారు. ఢిల్లీ భగ్గుమంది. ఆ కోపాన్ని ఎదుట నిలబడి వినాల్సిన మనిషి ఫ్రీమన్. 1968లో కెన్యాలోని భారతీయ సంతతివారికి, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టున్నా, బ్రిటన్ తలుపులు మూసింది. అప్పుడూ ఢిల్లీలో ఉన్నది ఆయనే.

1969లో రాయబారిగా వాషింగ్టన్ వెళ్లారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్. సిద్ధాంతమంటూ లేని మనిషని ఆయన్ను 1962లో దుయ్యబట్టింది ఫ్రీమన్ సంపాదకత్వంలోని ‘న్యూ స్టేట్స్‌మన్’ పత్రికే. లండన్‌లో ఒక విందులో నిక్సన్ ఆ పాత పగ మరిచిపోదామని పెద్దమనసుతో అన్నారు. తాను చూసిన సమర్థులైన రాయబారుల్లో ఫ్రీమన్ ఒకరని నిక్సన్ సలహాదారు కిసింజర్ తర్వాత రాసుకున్నారు.

1971లో రాయబారం వదిలి లండన్ వీకెండ్ టెలివిజన్ చైర్మన్ అయ్యారు. ఆపై కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పారు. తన గురించి మాత్రం నోరు విప్పడానికి ఇష్టపడేవారు కాదు.

మైకు పట్టుకునే మన యువతీయువకులకు ఒక్క మనవి: యుంగ్, హార్డింగ్, కింగ్ సంభాషణలు వెతికి చూడండి. ప్రశ్న తర్వాత ఫ్రీమన్ ఎంతసేపు ఆగుతారో గమనించండి.