పుర్రె దాటిన శబ్దం

పార్కిన్‌సన్స్‌కు అల్ట్రాసౌండ్ చికిత్స అనగానే నిన్నమొన్నటి సంగతి అనిపిస్తుంది గానీ, దాని వయసు ఆరు దశాబ్దాలు దాటింది. 1950ల చివర్లో అమెరికాలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం, ఫ్రాన్సిస్ ఫ్రై సోదరులు, అయోవా న్యూరోసర్జన్ రస్సెల్ మేయర్స్‌తో కలిసి ఈ రోగుల మెదడు లోతుల్లో శబ్ద తరంగాలతో కణజాలాన్ని మాడ్చారు. ఎముక శబ్దాన్ని పీల్చుకుని చెదరగొడుతుంది కాబట్టి ముందు పుర్రెలో కొంత తొలగించాల్సి వచ్చేది. కత్తి పెట్టని చికిత్సకు కత్తితోనే మొదలు! అదే ఫ్రై బృందం 1958లో పిల్లి మెదడులో చూపు సంకేతాలను శబ్దంతో కాసేపు ఆపి, అవి మళ్లీ మామూలైపోవడం చూపింది. మాడ్చడం ఒకటి, ప్రేరేపించడమో శాంతింపజేయడమో మరొకటి. ఈ రెండు దారులనూ కలిపేసి మాట్లాడటమే నేటి గందరగోళమంతా.

చికిత్సగా నిలబడింది మాడ్చే దారి. 1960ల చివర లెవోడోపా మందు వచ్చాక శస్త్రచికిత్స వెనకబడినా, 1,024 తరంగ వనరుల శిరస్త్రాణం, ఎంఆర్ఐ కలిసి పుర్రె అడ్డును దాటించాయి. పార్కిన్‌సన్స్ వణుకుకు ఈ పద్ధతి వాడేందుకు 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దక్కింది. మెలకువగా ఉన్న రోగి చేత విడత విడతకూ కాగితం మీద సుడిచుట్టు గీయిస్తారు. గీత నునుపు తేలేకొద్దీ గురి కుదిరినట్టు. ఇంత బాగా పనిచేస్తుంటే ప్రేరణ గొడవ ఎందుకని అడగొచ్చు. మాడిన కణజాలం తిరిగి రాదు. 2020లో వెలువడిన స్పెయిన్ బృందం పరీక్షలో కొందరికి మాట తడబడింది, ఒళ్లు బలహీనపడింది. మెదడులో అమర్చి ప్రేరేపించే ఎలక్ట్రోడ్ అయితే ఆపేయొచ్చు. ప్రేరణ ఆశిస్తున్నదీ ఆ వెసులుబాటునే, తలకు రంధ్రం లేకుండా.

ఆ ఆశకు గట్టి అభ్యంతరం 2018లో వచ్చింది. గినీ పందుల్లో వినికిడి నాడులు తెంచేస్తే అల్ట్రాసౌండ్‌కు మెదడు స్పందన పోయింది. అంటే అవి ఆ శబ్దాన్ని విన్నాయంతే. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు, ఆ తర్వాతి ప్రయోగాలన్నిటికీ ఇదే గీటురాయి. కానీ అంతటితో కథ ముగిసినట్టూ కాదు. 2025లో లండన్ యూసీఎల్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు 256 వనరుల శిరస్త్రాణంతో, ఫ్రై పిల్లిలో గురిపెట్టిన కేంద్రాన్నే మనుషుల్లో తాకి, దృష్టి వల్కలంలో మార్పు చూపారు. వాళ్లు ఏడుగురే, అందరూ ఆరోగ్యవంతులే. కనుక ఎవరైనా అల్ట్రాసౌండ్ అంటే మాడ్చేదా, ప్రేరేపించేదా అని అడగండి; రెండోదైతే నమోదైన క్లినికల్ ట్రయల్ అవునో కాదో తేల్చుకున్నాకే తల అప్పగించండి.