సూరత్ చెప్పు వెనుక

చదువుకునే రోజుల్లో సూరత్ కాంగ్రెసు అంటే నాకు గుర్తున్నది ఒక చెప్పు. 1907 డిసెంబరులో ఎవరో వేదిక మీదికి విసిరితే అది ఫిరోజ్‌షా మెహతాకూ సురేంద్రనాథ్ బెనర్జీకీ తగిలింది. మితవాదులు, అతివాదులు విడిపోయారు. పరీక్షకు అంత చాలు. ఆ చెప్పు లేవకముందూ, లేచిన తర్వాతా కాంగ్రెసును నడిపింది సిద్ధాంతం కంటే భయమేనని చాలా కాలానికి గాని నాకు తట్టలేదు.

మొదట ఆ భయం పార్టీని ముందుకే తోసింది. 1906లో తిలక్ అధ్యక్షుడు కాకుండా చూడడానికి మితవాదులు ఎనభై ఒక్కేళ్ళ దాదాభాయి నౌరోజీని ఇంగ్లండు నుంచి పిలిపించారు. ఆయనను కాదనగల వారెవరు? కాని కలకత్తా వేదిక మీద ఆ వృద్ధుడే ‘స్వరాజ్యం’ అన్నాడు. స్వదేశీ, బహిష్కారం, జాతీయ విద్య తీర్మానాలు నెగ్గాయి. అతివాదిని ఆపబోయి అతివాది మాటలే నెత్తికెత్తుకున్నారు!

మరుసటి ఏడు అదే భయం వెనక్కి లాగింది. నాగపూరులో జరగవలసిన సభను సూరత్‌కు తరలించారు. రభస తర్వాత, 1908 ఏప్రిల్‌లో, మితవాదులు అలహాబాదులో కూర్చుని నిబంధనావళి రాసుకున్నారు: సామ్రాజ్యంలోని స్వపరిపాలన లక్ష్యం, రాజ్యాంగబద్ధమైన మార్గమే మార్గం, ప్రతినిధులందరూ దీన్ని రాతపూర్వకంగా అంగీకరించాలి. అందులో తిలక్ పేరు లేదు గాని రాయించింది ఆయనే.

మన వైపు ఏం జరిగింది? 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం రావడం, ఆయన ఉపన్యాసాన్ని చిలకమర్తి తెనిగించడం, పద్యం చెప్పడం మనకు తెలుసు. తరచు కథ అక్కడే ఆపేస్తాం. వందేమాతరం ఉద్యమంలో ట్రెయినింగ్ కాలేజీ నుంచి వెళ్ళగొట్టబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన వ్యాసానికి రాజద్రోహ నేరం కింద జైలుకు పోయాడు. జూలైలో తిలక్‌కు ఆరేళ్ళ శిక్ష. డిసెంబరులో కాంగ్రెసు మద్రాసులో సమావేశమై మింటో–మార్లే సంస్కరణల ప్రతిపాదనల పట్ల సంతృప్తి ప్రకటించింది.

మెహతా, గోఖలేలను పిరికివాళ్ళని నేననను. సర్కారు ఇవ్వబోయే కాస్తా అతివాదుల వల్ల చెడుతుందని వారి బెంగ. కాని సర్కారు ఆ కాస్తయినా ఇవ్వజూపింది తిలక్ వంటివారు ఉన్నారనే కదా!

1912 బంకిపూరు సభకు వచ్చిన ప్రతినిధులు రెండు వందల పైచిలుకు. అక్కడికి వెళ్ళిన యువ నెహ్రూకు అది కోట్లు తొడుక్కున్న ఇంగ్లీషు చదువుల పెద్దమనుషుల వేడుకగా కనిపించింది. 1915లో గోఖలే, మెహతా ఇద్దరూ పోయారు. ఆ డిసెంబరులోనే బొంబాయిలో నిబంధనలు సడలించారు. 1916లో తిలక్ లక్నోకు తిరిగి వచ్చాడు. అప్పటికి ఆయన అడుగుతున్నది హోంరూలు, అంటే సామ్రాజ్యంలోని స్వపరిపాలన. అలహాబాదు నిబంధనావళిలో మొదటి మాట అదే.