బూటులో పద్యం, అటక మీద కానుక

డిసెంబర్ 5 సాయంత్రం నెదర్లాండ్స్‌లో పిల్లలున్న ఇళ్ల తలుపులు దబదబా మోగుతాయి. తీసి చూస్తే ఎవరూ ఉండరు, గుమ్మంలో కానుకల గోనెసంచి ఉంటుంది. తట్టింది పక్కింటాయనేనని పెద్దవాళ్లకు తెలుసు, పైకి మాత్రం అనరు. కొన్ని ఇళ్లలో సంచికి బదులు చీటీ దొరుకుతుంది. అది వంటింట్లోకి పంపితే, అక్కడి చీటీ అటక ఎక్కిస్తుంది.

ఈ దాగుడుమూతలకు మూలపురుషుడు 4వ శతాబ్దపు మైరా బిషప్ నికొలస్. కట్నాలిచ్చుకోలేని ఓ తండ్రి ముగ్గురు కూతుళ్ల కోసం రాత్రిపూట కిటికీలోంచి బంగారం విసిరి మాయమయ్యాడని కథ. నిజమో కాదో గానీ, ఇచ్చేవాడు కనపడకూడదన్న నియమం ఈ కథలోనే ఉంది. డచ్చివారికి ఆయన సింటర్‌క్లాస్. ప్రొటెస్టెంట్ మతం వచ్చాక సెయింట్ల పండుగలు కూడవని మతపెద్దలు గట్టిగానే చెప్పారు. పండుగ మానలేదు సరికదా, ఇళ్లలో ఇంకా పాతుకుపోయింది.

ఎంతగా పాతుకుపోయిందో యాన్ స్టేన్ 1665-68 ప్రాంతంలో గీసిన చిత్రంలో కనిపిస్తుంది. అది ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. చిన్నపిల్ల బొమ్మను హత్తుకుని మురిసిపోతోంది. పిల్లాడు ఏడుస్తున్నాడు, కానుక కోసం పెట్టుకున్న వాడి బూటులో వచ్చింది బెత్తాల కట్ట మరి! చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. వెనకాల మంచం తెర దగ్గర ఓ ముసలావిడ మాత్రం వేలితో రమ్మంటోంది. అసలు కానుక ఆ తెర వెనకే ఉందేమో! కాసేపు ఏడిపించి ఇవ్వడం అప్పటికే ఆటలో భాగమనిపిస్తుంది.

పిల్లలు పెద్దయ్యాక ఆట ముదురుతుంది. చీట్లు వేసుకుని, ఎవరి పేరు వస్తే వాళ్లకు కానుక సిద్ధం చేస్తారు. ఫుట్‌బాల్ పిచ్చోడికైతే అట్టముక్కలతో, కాగితపు గుజ్జుతో పెద్ద బూటు కడతారు. అందులో జిగురుజిగురుగా ఉన్న జెల్లీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవులాడితే గాని వస్తువు చిక్కదు. దానికి తోడు ఏడాదంతా చేసిన వెర్రిపనులను ప్రాసలో ఎత్తిచూపే పద్యం ఒకటి. విప్పే ముందు దాన్ని అందరి ఎదుటా పైకి చదవాల్సిందే. కింద సంతకం సింటర్‌క్లాస్‌ది, ఇక కోపం ఎవరి మీద చూపిస్తారు?

కష్టకాలంలో కూడా ఈ ఆట ఆగలేదు. 1943లో పండుగకు ముందు, ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీలకు చిక్కకుండా దాక్కున్న ఎనిమిది మంది యూదుల్లో ఒకరైన 14 ఏళ్ల ఆన్ ఫ్రాంక్‌కు ఓ ఆలోచన వచ్చింది. తండ్రితో కలిసి అందరి మీదా పద్యాలు కట్టింది. బట్టల బుట్టను రంగుకాగితాలతో అలంకరించి తెచ్చారు. లోపల చూస్తే ఎవరి బూటు వాళ్లది, ఒక్కో బూటులో ఒక్కో పద్యం. ఆమె డైరీలో ఇదంతా ఉంది.

ప్రాస కుదరనివాళ్లకూ మార్గముంది. పండుగ దగ్గరపడగానే కొన్ని దుకాణాల్లో ఆశుకవులు బల్ల వేసుకు కూర్చుంటారు. బావగారి గురక, కొత్త కారు, సగంలో మానేసిన వ్యాయామం అంటూ నాలుగు ముక్కలు అందిస్తే చాలు, అక్కడికక్కడే పద్యం రాసి చేతిలో పెడతారు.