ఆమె పక్కన, పాతికేళ్ల తర్వాత

కుటుంబ సమాధులు అనగానే మనకు గుమ్మటాలు కళ్ల ముందు కదులుతాయి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీలవి, సంతోష్‌నగర్ దగ్గర పైగా నవాబులవి. తరతరాల రక్తసంబంధీకులు ఒక్క చోట పడుకున్న కట్టడాలు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయికి వెళ్తే అలాంటి గుమ్మటమేదీ కనిపించదు. గోండుగూడెం, చుట్టూ అడవి, పక్కపక్కనే రెండు సమాధులు. ఒకటి పుట్టుకతో బ్రిటిష్ అయిన బెట్టి ఎలిజబెత్‌ది. రెండోది ఆమె భర్త, వియన్నావాసి క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఆ మట్టితో వాళ్లకు రక్తసంబంధం లేదు. అయినా ఊరు వాళ్లను ఇంటివాళ్లుగానే చూసుకుంటోంది.

హైమన్‌డార్ఫ్ 1909లో పుట్టాడు. మానవశాస్త్రం చదివి నాగా కొండల్లో తిరిగాడు. 1938లో బెట్టిని పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాదే ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో మిగిలింది జర్మన్ పాస్‌పోర్టు. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశీయుడయ్యాడు. చివరికి నిజాం రాజ్యం పొలిమేర దాటకుండా ఉండాలన్న ఆంక్షతో వదిలారు. చూడబోతే అది శిక్ష. ఆయనకు మాత్రం నల్లమల చెంచులు, గోదావరి ఒడ్డు కొండరెడ్లు, ఆదిలాబాద్ గోండులు అందుబాటులోకి వచ్చారు.

అయితే మార్లవాయి కథ హైమన్‌డార్ఫ్‌తో మొదలుకాలేదు. అంతకుముందే జోడేఘాట్‌లో మొదలైంది. జంగ్లాతోళ్లు, అంటే అటవీశాఖవాళ్లు, అడవికి హద్దులు గీసి రిజర్వు అన్నారు, గూడేలను ఖాళీ చేయించారు, దున్నుకున్న చేన్లు లాక్కున్నారు. కుమురం భీం తిరగబడ్డాడు. 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఆ తర్వాత గానీ గోండులకు కడుపెందుకు మండిందో తెలుసుకోవాలని సర్కారుకు తోచలేదు. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పజెప్పింది. ఆయన్ను ఎంత మెచ్చుకున్నా ఈ వరస తారుమారు చేయకూడదు. భీం లేకపోతే మార్లవాయికి ఆ దొర వచ్చేవాడా అన్నది నా అనుమానం.

1941లో దంపతులు మార్లవాయిలో మకాం పెట్టారు. మట్టిగోడల గుడిసె, పైన గడ్డి కప్పు. 1943లో అదే ఊళ్లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. వాచకాలు గోండీలో తయారయ్యాయి, లిపి మాత్రం నాగరి. ఇప్పుడు వింతగా తోచవచ్చు కానీ, మరాఠీ సరిహద్దు అంగళ్లలో తిరిగే గోండులకు ఆ అక్షరాలే అలవాటు. భూమి విషయానికొస్తే, 1949 నాటికి గిరిజనులకు పట్టాలిచ్చిన నేల సుమారు 1,60,000 ఎకరాలు. హైమన్‌డార్ఫ్ దంపతులకు పుట్టిన కొడుకును గోండులు తమ ఊరి పటేల్ పేరుతో లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు.

గోండుల్లో చనిపోయినవాళ్లు ఒంటరిగా ఉండిపోరు. కర్మకాండ సరిగ్గా జరిగితే తమ గోత్రం దైవమైన పెర్సాపేన్‌లో, పూర్వీకుల్లో కలుస్తారు. పర్ధాన్లు కికిరి వాయిస్తూ వంశ గాథలు పాడతారు. పెర్సాపేన్ అంటే విగ్రహం కాదు. ఒక ఇనుప ఈటె మొన, జడలబర్రె తోకతో కట్టిన చామరం. ఆదిలాబాద్ అడవికి ఆ తోక హిమాలయాల నుంచి రావలసిందే. దీని గురించి రాసిన హైమన్‌డార్ఫే తర్వాత 1953లో నేపాల్ వెళ్లి, జడలబర్రెలు కాసే షెర్పాల మీద పుస్తకం రాశాడు. ఒకే తోకకు రెండు కొసలూ చూసినవాడన్నమాట.

లండన్‌లో ఆచార్యుడిగా ఉన్నన్నాళ్లూ, 1976లో పదవీ విరమణ చేశాకా దంపతులు ఇటు వస్తూనే ఉన్నారు. వచ్చి చూస్తే పట్టాలిచ్చిన భూములు వలసదారుల చేతుల్లో ఉన్నాయి. ఆ దుఃఖమంతా ఆయన 1982 నాటి పుస్తకంలో ఉంది. దానికి ముందటి ఏడు, ఏప్రిల్ 20న, పక్కనే ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో గోండులు చనిపోయారు. అక్కడి స్తూపం కూడా సమాధి లాంటిదే, కాకపోతే దాని కథ వేరు.

బెట్టి 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసింది. కోరుకున్నట్టే ఆమెను మార్లవాయికి తెచ్చి గోండు ఆచారం ప్రకారం సాగనంపారు. గోండుల మీద హైమన్‌డార్ఫ్ రాసిన పెద్ద గ్రంథాల్లో ఆమె పేరు భర్త పేరు తర్వాత, సహకారం అన్న మాట వెనక ఉంటుంది. చూసింది, రాసుకున్నది, జబ్బుపడ్డ పిల్లల పక్కన కూర్చున్నది ఎంతో ఆ ఒక్క మాటలో తేలదు. ఈ మట్టిలో మాత్రం ఆమెదే మొదటి పేరు.

హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో పోయాడు. ఆయన చితాభస్మం మార్లవాయి చేరడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. 2012లో కొడుకు తెచ్చి తల్లి సమాధి పక్కన పెట్టించాడు. పాతికేళ్ల ఎడబాటు అక్కడ ముగిసింది.

ఏటా ఊరు ఇద్దరికీ కలిపి ఒక్క రోజే పూలు పెట్టి పూజ చేస్తుంది, జనవరి 11న. అది బెట్టి పోయిన తేదీ.