బుద్ధి రావడం, తెలిసి రావడం: తెలుగు కథానాయకుల కనువిప్పు

జీవితంలో ఏది ముఖ్యమో మనిషికి అర్థమయ్యే ఘట్టాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదువ లేదు. 'బుద్ధి వచ్చింది' అంటాం. 'కళ్లు తెరుచుకున్నాయి' అంటాం. 'తెలిసొచ్చింది' అంటాం. మొదటి మాట వెనుక బుద్ధి చెప్పిన వారొకరు ఉంటారు. చివరి మాటలో, పడిన కష్టమే గురువు. తొలి డెబ్బై ఏళ్ల తెలుగు కథాసాహిత్యాన్ని పరిశీలిస్తే, పాత్రల కనువిప్పు మొదటి మాట నుంచి చివరి మాట దాకా నడిచిందని మేము భావిస్తున్నాము. ఆ నడకకు భాషతో దగ్గరి సంబంధం ఉంది.

కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో ధారావాహికగా వచ్చి, 1880లో పుస్తకమయింది. ధవళేశ్వరంలో కలవాడైన రాజశేఖరుడు ముఖస్తుతికి లొంగుతాడు. జాతకాలను నమ్ముతాడు. బంగారం చేసి ఇస్తానన్న బైరాగి చేతిలో ఇల్లు గుల్ల చేసుకుంటాడు. డబ్బు పోగానే స్నేహితులూ కనుమరుగవుతారు. ఇల్లు విడిచి కాశీయాత్రకు బయలుదేరిన కుటుంబం అనేక కష్టాలు పడి, చివరకు పెద్దాపురం ప్రభువు ఆదరణతో నిలదొక్కుకుంటుంది. కష్టాలు రాజశేఖరుడివే అయినా, వాటి నుంచి నేర్వవలసిన నీతిని విడమరిచి చెప్పేది ఎక్కువగా గ్రంథకర్తే. గ్రాంథికంలో సాగే ఆ గొంతు గురువు గొంతు. మూఢనమ్మకాలపై యుద్ధం చేస్తున్న సంస్కర్తకు ఆ కాలంలో అటువంటి గొంతే అవసరమయింది.

మూడు దశాబ్దాల తరువాత, 1910లో, గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 'ఆంధ్రభారతి'లో వెలువడింది. దిద్దడం బడి మాట. పలక మీద ఓనమాలు దిద్దిస్తాం. ఈ కథలో దిద్దేది గ్రంథకర్త కాదు, భార్య. సంస్కరణ మాటలు చెబుతూనే సానుల పాటకు అలవాటుపడిన గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. కమలిని కనిపించదు. ఆమె రాసిన ఉత్తరం మాత్రం కనిపిస్తుంది. ఆమెను తీసుకురావడానికి వెళ్లి ఏం చెప్పాలో నౌకరు రాముడికి నేర్పబోతాడు. రాముడు దాన్ని తన యాసలో, తన లోకజ్ఞానంతో కలిపి చెబుతాడు. అతన్ని సరిదిద్దబోయి గోపాలరావు తన తప్పు తానే ఒప్పుకోవలసి వస్తుంది. అంతలో మంచం కింద నుంచి కమలిని నవ్వు! ఇక్కడ నీతి ఉపన్యాసంగా రాలేదు. ఇద్దరు మనుషుల సంభాషణలో, అందులోనూ నౌకరు మాండలికం తోడుగా వచ్చింది.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' 1946-47 ప్రాంతంలో 'నవోదయ'లో ధారావాహికగా వచ్చి, 1952లో పుస్తకమయింది. అందులో దయానిధికి బుద్ధి చెప్పేవారు లేరు. తల్లిపై లోకం వేసిన అపవాదు అతన్ని వెంటాడుతుంది. వైద్యుడిగా అనంతపురం ప్రాంతానికి వెళతాడు. వజ్రం దొరికి సంపద కలుగుతుంది, అదీ నిలవదు. కోమలి, అమృతం, ఇందిర అతని జీవితంలోకి వచ్చినా, అతని ప్రశ్నకు ఎవరూ జవాబు కాలేరు. చివరకు అతనికి మిగిలేది జవాబు కాదు, జవాబు కోసం వెదికిన బ్రతుకు జ్ఞాపకం. ఆ వెదుకులాటంతా అతని ఆలోచనల్లోనే నడుస్తుంది. తనలో తాను మాట్లాడుకునే మనిషికి గ్రాంథికం ఎక్కడ సరిపోతుంది? రాజశేఖరుడికి బుద్ధి వచ్చింది, గోపాలరావుకు దిద్దుబాటు జరిగింది, దయానిధికి తెలిసొచ్చింది.

తెలుగునాడుకు వెలుపల చదువుకుంటున్న విద్యార్థులు ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, బుచ్చిబాబు ఆ నవల వెలువడే నాటికి మద్రాసు ఆకాశవాణిలో ఉద్యోగి. రెండవది వ్యాకరణ విషయం. 'నాకు తెలిసింది' అన్నప్పుడు తెలిసిన మనిషి కర్త కాడు. 'కు' విభక్తిలో ఉంటాడు. తెలివి అతని దగ్గరకు వస్తుంది. కన్నడంలో 'ననగె తిళియితు', తమిళంలో 'ఎనక్కుత్ తెరిందదు', మరాఠీలో 'మలా కళలం', ఒడియాలో 'మోతే జణాపడిలా' అన్నా తీరు అదే. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడేవారికి ఈ పోలిక పుస్తకం తెరవకుండానే తెలుసు.

మా తరగతుల్లో కొందరు విద్యార్థులు, తమ ఇంటి తెలుగు శుద్ధమైనది కాదని, గంభీరమైన విషయాలకు అది పనికిరాదని అంటూ ఉంటారు. బరంపురం, మదురై, బెంగళూరు, షోలాపూరు ఇళ్లలోని తెలుగు గురించి బయటివారు అన్న మాటనే వారు నమ్మారు. పైన చెప్పిన చరిత్ర దానికి సమాధానం. పాత్రలు తమ మాటల్లో మాట్లాడడం మొదలుపెట్టిన తరువాతనే, వాటి కనువిప్పు గ్రంథకర్త చేతి నుంచి వాటి సొంతమయింది. రాముడి యాస కథ గాంభీర్యాన్ని చెడగొట్టలేదు సరికదా, గోపాలరావు డాంబికాన్ని బయటపెట్టింది.

ఈ మూడు రచనలనూ వరుసగా చదవండి. ఏ పాత్రకు ఏది తెలిసింది అన్నదానితోపాటు, ఎవరి గొంతులో తెలిసింది అన్నదీ గుర్తించండి. ఆ పైన మీ ఇంటి పెద్దలను, వారికి జీవితంలో ఏది తెలిసొచ్చిందో అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. దిద్దకండి.