యాభైమంది లెక్క

పామర్రు సెంటర్లో పొద్దున్నే క్యారేజీ పట్టుకుని నిలబడే ఆడవాళ్ళలో మా పెద్దమ్మ ఒకతె. మేస్త్రి వచ్చి "ఇద్దరు తాపీవాళ్ళు, నలుగురు ఆడకూలీలు" అని లెక్క చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళు మాలు మోసింది. శ్లాబు రోజున వరుసలో నిలబడి తట్టలు పైకి అందించింది. ఆమె చేతికి తాపీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తాపీ పట్టిన చేతికే కూలి ఎక్కువ, పేరూ ఎక్కువ.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో పూరిళ్ళ స్థానంలో పక్కా ఇళ్ళ కాలనీలు లేచాయి. కట్టించినవాళ్ళ పేర్లు చరిత్రలో ఉన్నాయి. నల్లరేగడిలో పునాదుల మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడ వెతకాలి?

నేను చట్టంలో వెతికాను. 1980లలో మొదలైన కార్మికుల పోరాటం వల్ల 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం, సెస్సు చట్టం వచ్చాయి. నిర్మాణ ఖర్చులో కనీసం ఒక శాతం సెస్సు, దానితో సంక్షేమ బోర్డు. బోర్డు మన రాష్ట్రానికి 2007లో గానీ రాలేదు. వసూలైన 37,400 కోట్లకు పైగా సొమ్ములో దేశమంతటా ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

ఆ చట్టంలో పిల్లల గది కూడా ఉంది, యాభైమందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే చోట! పామర్రులో ఒక ఇంటి పనికి నలుగురే ఆడవాళ్ళు. అందుకే మా అక్క ఇసకగుట్ట మీద పెరిగింది.

కార్డు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. "మీ ఆయన పేరుందిగా, నీకెందుకమ్మా?" అన్నాడట మేస్త్రి. అడుగుతూ ఉండగానే పెద్దమ్మకు అరవై నిండాయి. అరవై దాటితే నమోదు లేదు.

2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పిల్లల గదికి ఇప్పుడు ఆడా మగా కలిపి లెక్కిస్తారు. మంచిదే. కానీ సంఖ్య యాభైయే. సొంతింటి పనికి చట్టం వర్తించని హద్దు పది లక్షల నుంచి యాభై లక్షలకు పెరిగింది. మా ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు ఆ హద్దు లోపలే లేస్తాయి.

పెద్ద సైటును క్రమబద్ధం చేయడమే సంస్కరణ అనుకుంటే, చిన్న ఇంటి దగ్గర తట్ట మోసే మనిషి ఎప్పటికీ లెక్కలోకి రాదు. లెక్క యాభై నుంచి కాదు, ఆ ఒక్క మనిషి నుంచి మొదలుపెట్టమని అడగాల్సింది మనమే.